తెర కింది మాటలు

ఆయన పోయారన్న కబురు నాకు అక్షరాల్లో వచ్చింది.

రైలు భీమడోలు దాటింది. ఫోన్ తీసి చూస్తే పిన్నిగారి మెసేజి. "మీ బాబాయిగారు పోయారు. పొద్దున్న కాఫీ తాగుతూ. గుండె అన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. రా." ఆవిడ ఫోన్ చెయ్యలేరు. చేసినా నేననేది ఆవిడకి వినిపించదు. అందుకే ఆవిడకి ఏది చెప్పాలన్నా రాయడమే.

దెందులూరులో దిగిపోయాను. వెనక్కి మా ఊరు గూడెం వెళ్ళే బండి కోసం అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. అది ఎంతకీ రాదు. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చోబుద్ధి కాలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను, తలెత్తి సిగ్నల్ చూశాను, మళ్ళీ నడిచాను. కాసేపటికి తెలిసింది, ఆ నడక నాది కాదు. ఆయనది.

మాకు ఏ చుట్టరికమూ లేదు. ఉన్నదల్లా సీజన్ టిక్కెట్టు చుట్టరికం. ఇద్దరివీ గూడెంలోనే ఇళ్ళు. ఆయన ఏలూరు కోర్టులో స్టెనోగ్రాఫరు. నేను వట్లూరు దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఏళ్ళ తరబడి ఒకే రైలు, ఒకే పెట్టె. ఆయన మాత్రం సీటులో కూర్చోగా నేను చూడలేదు. కిటికీ పక్క చోటు ఖాళీ ఉన్నా ఎవరినో పిలిచి కూర్చోబెట్టేసి, తను తలుపు దగ్గర ఊచ పట్టుకుని నిలబడేవారు. ఆ నిలబడడమైనా కుదురుగా కాదు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మారుస్తూ, మధ్యలో పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళొస్తూ ఉండేవారు. టీ కొనుక్కుంటే సగం తాగి, కప్పు చేత్తో పట్టుకునే మర్చిపోయేవారు.

ఇక ఆ వేళ్ళు. ఊచ మీద, తొడ మీద, టిఫిన్ క్యారేజీ మూత మీద పది వేళ్ళూ ఆడుతూనే ఉండేవి. కొత్తలో తాళమేమో అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను.

"ఏంటండీ బాబాయిగారూ, ఆ వేళ్ళు?"

"టైపు అమ్మాయ్. ఎవరేం మాట్లాడినా వేళ్ళు కొట్టేస్తాయి. ఆపుదామన్నా ఆగవు."

"ఇప్పుడేం కొట్టారు?"

"ఆ జామకాయలావిడ 'చిల్లర లేకపోతే రేపివ్వండి బాబూ, నేనేం పారిపోతానా' అంది. నీ వెనకాయన 'రేపు నువ్వు రాకపోతే?' అన్నాడు. దానికావిడ ఏమీ అనలేదు. నవ్వింది. నవ్వినది అని బ్రాకెట్లో కొట్టాను."

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. కోర్టులో సాక్షి మాటతో పాటు అతని ఏడుపూ, మౌనమూ రాయాలనేవారు. "బోనులో ఏడిస్తే జడ్జిగారికి కనబడుతుంది. రేపు పైకోర్టులో కాయితం చదివేవాళ్ళకి ఎలా కనబడుతుందమ్మా? మనం రాస్తేనే కదా." ఆ పనిలో ఆయనకి పెద్ద పేరు. ఎంతటి వకీలైనా సాక్షి మాటని కాస్త సర్ది చెబితే, ఆయన వేళ్ళు ఆపేసి అలా చూసేవారట. "ఉన్నదున్నట్టు" అన్న ఒక్క మాటే ఆయన మొత్తం ఉద్యోగం.

అంతటి మనిషికి ఒక విచిత్రమైన అలవాటుండేది. ఏదీ చివరిదాకా చూసేవారు కాదు. పెళ్ళికొస్తే తలంబ్రాలకి ముందే లేచిపోయేవారు. హరికథకి వెళితే మంగళం పాడకముందే చెప్పుల కోసం వెతుక్కునేవారు. "రైలు టైమైందమ్మా" అనేవారు. మా తమ్ముడి పెళ్ళి గూడెంలోనే, ఆయన ఇంటికి రెండు వీధుల అవతల జరిగింది. అక్కడా అదే మాట. "ఏ రైలండీ?" అని మా నాన్న అడిగితే చెప్పులేసుకుని గబగబా వెళ్ళిపోయారు.

ఆ రైలేదో నాకు పిన్నిగారిని చూశాకనే కొంత తెలిసింది.

పిన్నిగారిది కైకలూరు అవతల, కొల్లేటి గట్టున ఒక ఊరు. పుట్టిల్లంతా చేపల మీద బతికినవాళ్ళు. చిన్నప్పుడు ఒక జ్వరం వచ్చి ఆవిడ చెవులు తీసుకుపోయింది. అప్పటికి మాటలొచ్చేశాయి కాబట్టి మాట మిగిలింది. కానీ తన గొంతు తనకి వినబడదు కదా, కూరగాయల బండి దగ్గర "వంకాయలు పుచ్చులేనా?" అంటే వీధి చివరి వాళ్ళు కూడా తిరిగి చూసేవారు. చదువు అక్షరాల వరకూ వచ్చింది. కూడబలుక్కుని చదవగలరు. భర్త పెదాలు చదవగలరు, మిగతా వాళ్ళవి కష్టం. ఆయన మీసం కూడా అందుకే తీసేశారని మా వీధిలో చెప్పుకునేవారు.

మొగుడూ పెళ్ళాలకి ఒక చేతుల భాష ఉండేది. ఏ బడిలోనూ నేర్పేది కాదు, ఇద్దరూ కలిసి కల్పించుకున్నది. పెళ్ళైన కొత్తలో ఏలూరులో సినిమాలకి వెళ్ళేవారట. చీకట్లో తెర వెలుగు చేతుల మీద పడేలా పట్టుకుని, ఆయన కథంతా చేతుల్తో చెప్పేవారు. "ఏవండీ, ఆ చేతులు కాస్త దించుతారా?" అని వెనక సీట్లవాళ్ళు విసుక్కునేవారు. ఇంకాసేపట్లో సినిమా అయిపోతుందనగా ఆయన లేచేవారు. ఆఖరి రైలు. మిగిలిన కథ రైల్లో చెప్పేవారు. టీవీలు వచ్చాక రైలు అక్కర్లేకపోయింది గానీ అలవాటు పోలేదు. ముగింపు దగ్గరికొచ్చేసరికి టీవీ కట్టేసి, ఆవిడకెదురుగా పీట వేసుకుని, చేతుల్తో పూర్తి చేసేవారు.

రిటైరయ్యాక ఆయన పరిస్థితి మరీ ఘోరమైంది. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా పొద్దున్నే స్టేషనుకి వచ్చి మమ్మల్ని రైలెక్కించి వెళ్ళేవారు. ఒక శీతాకాలం కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఒకరోజు బండి కదులుతుంటే కిటికీ వెంట నడుస్తూ అడిగారు.

"అమ్మాయ్, టీవీలో బొమ్మ కింద తెలుగులో మాటలు పడేట్టు చెయ్యొచ్చా? మీ పిన్నికి నా చెయ్యి అర్థం కావడం లేదు. నిన్న ఏనుగు అని చెబితే కుండ అనుకుంది."

బజారులో దొరికే, టీవీకి తగిలించే పెట్టెల్లో ఇంగ్లీషు మాటలు వస్తాయి. ఆవిడకి కావలసిన పాత తెలుగు సినిమాలకి తెలుగు మాటలు ఎవరూ రాయరు. రాస్తే మనమే రాయాలి, మనం రాసినవి చూపించే పెట్టె కూడా మనదే కావాలి. మా కాలేజీలో పిల్లలు ప్రాజెక్టులకి వాడే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. కీబోర్డూ తెరా ఏమీ ఉండవు, ఒట్టి పచ్చని పలక, దాని మీద చిప్పులు. అలాంటిదొకటి తెప్పించాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో మొదలుపెట్టాం. మెమరీ కార్డు మీద సిస్టమ్ ఎక్కించి, కార్డు బోర్డులో దోపి, టీవీకి తీగ కలిపాం. ఆయన ఏళ్ళుగా కొని దాచిన సినిమా డిస్కులన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాం. బోర్డుకి గూడు కావాలంటే పిన్నిగారు వంటింట్లోంచి ప్రయాణాలకి వాడే సబ్బు పెట్టె తెచ్చిచ్చారు. గాలాడడానికి ఆయన సూది కాల్చి దానికి చిల్లులు పొడిచారు. మొదట ఆన్ చేసినప్పుడు తెర మూల పసుపు రంగు మెరుపు గుర్తు వచ్చి బొమ్మ ఆగిపోయింది. ఫోను చార్జరు పెట్టాం, కరెంటు చాలడం లేదు. దానికి సరిపోయే చార్జరు పెట్టాక బొమ్మ నిలిచింది. మాటలు మాత్రం డబ్బాలు డబ్బాలుగా పడ్డాయి. తెలుగు ఫాంటు ఎక్కించాను. డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి గానీ, ఒత్తులు దేనికదే విడిపోయి పక్కన నిలబడ్డాయి. 'అమ్మ' అన్న మాట 'అమ్' ఒకచోటా 'మ' ఒకచోటా అయింది.

పిన్నిగారు తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి చదివి, ఇల్లదిరేలా నవ్వారు.

"ఏవండీ! మీ టీవీకి నత్తొచ్చిందండీ!"

ఆయన నవ్వలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నారు. "అవుతుందా అమ్మాయ్? అవదా? అవదంటే చెప్పెయ్." ఇంకో ప్లేయర్ వేసి చూశాను. అందులో ఒత్తులు వెళ్ళి తమ తమ అక్షరాల కింద కుదురుకున్నాయి. పరీక్ష కోసం ఆయన అప్పటికే ఒక సన్నివేశానికి మాటలు కొట్టి ఉంచారు. తెర మీద ఒకాయన గుమ్మంలో నిలబడి కోడల్ని ఏదో అన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి.

పిన్నిగారు కూడబలుక్కుంటూ పైకి చదివారు. "ఎండన... పడి... వచ్చావు. ముందు... మంచినీళ్ళు తాగు." ఆగి, నా వైపు తిరిగారు. "ఇది ఈయనన్నాడా? ఇప్పుడే అన్నాడా?"

అవునని తలూపాను.

"మంచివాడే పాపం" అన్నారావిడ. "ఈ మొహం చూసి ఇన్నాళ్ళూ తిడుతున్నాడనుకున్నాను."

అప్పటి నుంచీ ఆయనకి తీరిక లేదు. సబ్‌టైటిల్ ఫైలు ఎలా ఉంటుందో చూపించినప్పుడు ఆయన మొహం వెలిగింది. ఏ క్షణానికి మొదలు, ఏ క్షణానికి చివర, ఏ మాట. "అచ్చం వాంగ్మూలం అమ్మాయ్ ఇది!" అన్నారు. మోచెయ్యి బల్ల మీద ఆనితే భుజం నొప్పి లేదు. వేళ్ళకి ఏ నొప్పీ లేదు. రోజంతా కొట్టేవారు. నేను క్లాసులో ఉండగా ఫోన్ చేసి, "అమ్మాయ్, దూరంగా పడవ తెడ్డు చప్పుడు ఉంది, రాయాలా వద్దా?" అని అడిగేవారు. రాయమనేదాన్ని. మొదట్లో అంతా కోర్టు భాషే వచ్చింది. 'నాయిక బిగ్గరగా రోదించెను' అని చదివి పిన్నిగారు పోట్లాడారు. "ఇదెవరి భాషండీ? మనింట్లో ఎవరైనా రోదిస్తారా?" అక్షరాలు త్వరగా మాయమైపోతున్నాయని ఇంకో పోట్లాట. "నా కళ్ళేమైనా రైలా, పరిగెత్తడానికి?" ఆయన ప్రతి వరుసకీ వ్యవధి పెంచుకుంటూ మొదటి నుంచీ దిద్దారు. తర్వాత ఇంట్లో వైఫై మీద అదే సబ్బు పెట్టె నుంచి వంటింట్లోని ట్యాబుకి కూడా సినిమా వచ్చేట్టు చేశాం. పిన్నిగారు ఒక కన్ను పులుసు మీదా ఒక కన్ను అక్షరాల మీదా వేసి ఉండేవారు. పులుసు మాడిన రోజులూ ఉన్నాయి.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుని టీవీ దగ్గరికి లాక్కెళ్ళారు.

"పెట్టె పాడైనట్టుందే. ఏ సినిమా వేసినా చివర్లో అక్షరాలు ఆగిపోతున్నాయి. ఆ తర్వాత ఆయనొచ్చి కట్టేస్తున్నారు. కాస్త చూడు."

చూశాను. పెట్టెకి ఏ జబ్బూ లేదు. ప్రతి ఫైలూ ముగింపుకి కొంచెం ముందు ఆగిపోయి ఉంది. ఒక్కటి కూడా పూర్తి కాలేదు. ఆయన వీధి గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంటూ తీసేస్తూ ఉన్నారు. బయటికెళ్ళి అడిగాను.

"రాస్తానమ్మా. తొందరేముంది?" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కొచ్చారు. గొంతు తగ్గించారు, ఆవిడకి వినబడదన్న సంగతి కూడా మర్చిపోయి. "నేను ఆవిడకి చెప్పిన ముగింపులు వేరు అమ్మాయ్."

"అంటే?"

"చచ్చిపోయినవాళ్ళని బతికించాను. విడిపోయినవాళ్ళని కలిపాను. అన్నీ కాదు. తట్టుకోలేదేమో అనిపించినవి. అందుకే తెర మీద చూడకుండా ముందే లేవదీసుకొచ్చేసేవాణ్ణి. చేతుల్తో ఏదైనా చెప్పెయ్యొచ్చు. కానీ బల్ల ముందు కూర్చుంటే ఈ వేళ్ళు ఒప్పుకోవడం లేదు. లేని మాట కొట్టమంటే ఆగిపోతున్నాయి."

"మరి ఉన్నది రాసెయ్యండి బాబాయిగారూ. ఆవిడేం చిన్నపిల్లా?"

ఆయన నన్ను చూడలేదు. వీధి చివరికి చూస్తూ, "అది మొదలెడితే ఎక్కడ ఆగుతుందమ్మా?" అన్నారు.

లోపలికెళ్ళి పిన్నిగారికి నిజమే చెప్పాను, పెట్టె బాగానే ఉంది, రాత అక్కడితో ఆగింది అని ఫోన్లో కొట్టి చూపించాను. ఆవిడ చదివి, బయట నిలబడ్డ ఆయన్ని చూసి, వీధి వీధంతా వినేలా అన్నారు. "ఏవండీ, చివరిదాకా రాయండి."

ఆయన రాశారు. ఎన్నాళ్ళు పట్టిందో గానీ, ఆ మధ్య స్టేషనుకి కూడా రాలేదు. పెళ్ళైన కొత్తలో ఏలూరులో చూసిన ఒక సినిమాని ముందు పూర్తి చేశారు. తల్లీ కూతుళ్ళ కథ. ఆదివారం నన్ను రమ్మన్నారు. పిన్నిగారు కుర్చీలో కూర్చుని మొదటి నుంచీ పైకి చదువుతూ చూశారు. ఆయన కిటికీ దగ్గరా, గుమ్మం దగ్గరా, మళ్ళీ కిటికీ దగ్గరా. ముగింపు వచ్చింది. ఆయన కట్టెయ్యలేదు. తెర మీద పిల్ల తల్లి ఒళ్ళో కళ్ళు మూసింది. కింద అక్షరాలు పడ్డాయి. పిన్నిగారు చదవడం ఆపేశారు, పెదాలు మాత్రం కదిలాయి. చివరికి బ్రాకెట్లో 'తల్లి ఏడుపు' అని పడి, తెర నల్లబడింది.

"బతికిందన్నారు" అన్నారావిడ. "రైల్లో చెప్పారు. మద్రాసు తీసుకెళ్ళారనీ, నయమైందనీ, బడికి పోతోందనీ చెప్పారు. చేతుల్తో జడ కూడా వేసి చూపించారు నాకు."

ఆయన తలూపారు.

"ఇంకేం మార్చారు?"

ఆయన మళ్ళీ కిటికీ దగ్గరికి నడిచారు. నాకు అక్కడ ఉండాలో వెళ్ళాలో తెలియలేదు. పిన్నిగారు లేచి టీవీ ప్లగ్గు తీసేశారు. మర్నాడు పొద్దున్నే చిన్న సంచీ సర్దుకుని, కొల్లేటి గట్టున తమ్ముడింటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి రోజుల్లో ఆయన్ని చూడడం కష్టంగా ఉండేది. స్టేషనులో మూడో ప్లాట్‌ఫారం మీద, ఏ బండీ ఆగని చోట తిరుగుతూ కనబడేవారు. పలకరిస్తే, "ఆవిడ అడిగింది సినిమాల గురించి కాదమ్మా" అనేవారు, అంతే. మెసేజీ పెడితే ఆవిడ జవాబివ్వడం లేదట. ఒక సెలవు రోజున మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు. "కైకలూరు వస్తావా అమ్మాయ్? ఒక్కణ్ణి వెళ్ళలేను." చేతిలో సబ్బు పెట్టె, దాని తీగలు, హార్డ్ డిస్కు. అదెందుకన్నాను. "అది లేకపోతే అక్కడ ఆవిడేం చూస్తుంది?" అన్నారు.

ఏలూరు నుంచి బస్సులో వెళ్ళాం. సీట్లున్నా ఆయన నిలబడే ఉన్నారు. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళని చిలికే ఏరేటర్లు, ఐసు కరిగి కారుతూ ఎదురొచ్చే చేపల లారీలు. కైకలూరులో దిగి ఆటో ఎక్కాం. పిన్నిగారి తమ్ముడు చెరువు దగ్గర పాకలో ఉన్నాడు. మమ్మల్ని చూసి కుర్చీలు తుడిచాడు.

"రండి బావగారూ, కూర్చోండి. ఇదేంటండీ, సబ్బు తెచ్చారా?"

ఆయన పెట్టె అతని చేతిలో పెట్టేసి గట్టు మీదకి వెళ్ళారు. పిన్నిగారు అక్కడ నీళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. దూరంగా నీళ్ళ మీద గూడబాతులు. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మన పిల్ల సంగతి చెప్పండి" అన్నారు. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "కాన్పప్పుడు నేను మత్తులో ఉన్నాను. చచ్చే పుట్టిందని మీరు చెప్పారు. డాక్టరమ్మ మాట మీరే చెప్పారు, నర్సమ్మ మాట మీరే చెప్పారు. అది కూడా మార్చారా?"

నేను వెనక్కి తగ్గబోయాను. ఆయన పిలిచారు. "ఉండమ్మా. నా పెదాలు వణుకుతున్నాయి, ఆవిడ చదవలేదు. చెయ్యి లేవదు. నేను చెబుతాను, నువ్వు కొట్టు. నేనన్నదంతా కొట్టు."

ఆయన చెబుతుంటే ఫోన్లో కొట్టాను. ఆయన వేళ్ళు మాత్రం, నేను చూసినంతలో మొదటిసారి, కదలకుండా వేలాడుతున్నాయి.

పిల్ల ప్రాణంతోనే పుట్టింది. నెల తక్కువ పిల్ల. నిలవదని పుట్టగానే చెప్పేశారు. ఆ రోజంతా ఉంది. ఆయన ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. పొద్దుగూకే వేళకి పోయింది. మత్తు దిగాక ఆవిడ మొదట అడిగింది, పిల్ల ఏడ్చిందా అని. 'ఏడ్చింది అంటే, ఆ ఏడుపు నాకు వినబడలేదే అని జన్మంతా కుమిలిపోతావనిపించింది. అసలు ఏడవనే లేదని చెప్పాను. ఆ తర్వాత నెలకి సినిమాకి తీసుకెళితే అందులోనూ పిల్ల పోయింది.' అక్కడ ఆయన ఆగారు. ఆగినచోటల్లా నేనూ ఆగాను.

పిన్నిగారు చివరిదాకా చదివారు. ఫోన్ నాకిచ్చేశారు.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"ఎట్లా ఏడ్చింది?"

ఆయన నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూశాను. అది రాసే మాట నా దగ్గర లేదు. ఆయన దగ్గరా లేదు.

అప్పుడాయన ఎడం చేత్తో ఆవిడ కుడి చెయ్యి అందుకుని, అరచేతిని తన గొంతు మీద ఆనించుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. సన్నగా, తెగిపోతూ, మళ్ళీ అందుకుంటూ, పసిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చారు. నాటకంలా లేదు. ఇన్నేళ్ళూ అది ఆయన గొంతులో అలాగే ఉండిపోయినట్టుంది. పాక దగ్గర మేత బస్తాలు దించుతున్నవాళ్ళు ఆగి చూశారు. పిన్నిగారి చెయ్యి ఆ గొంతు మీద అదురుతోంది. ఆవిడ ఊపిరి బిగబట్టి, మెడ పక్కకి వంచి, వేళ్ళ చివర్ల దాకా వింటున్నారు.

ఏడుపు ఆగింది.

"మళ్ళీ" అన్నారావిడ.

ఆయన మళ్ళీ ఏడ్చారు.

ఆ రోజు మేమిద్దరమే తిరిగొచ్చాం. పిన్నిగారు రానన్నారు. బస్సెక్కేముందు నాతో, "నాకు పిల్ల రానే లేదనుకున్నానే ఇన్నాళ్ళూ. వచ్చింది. ఒక పూట ఉండి వెళ్ళింది" అన్నారు. ఆ మాటలో కోపం ఉందో లేదో నేను పోల్చుకోలేకపోయాను. చెరువులో చేపల పట్టుబడి అయ్యేదాకా అక్కడే ఉండి, ఒకరోజు తమ్ముడి చేపల వ్యానులో ముందు సీట్లో కూర్చుని గూడెం వచ్చేశారు. వచ్చీ రాగానే సబ్బు పెట్టె టీవీ పక్కన పెట్టి, "ఎక్కడిదాకా రాశారు?" అని అడిగారట. ఆయన అన్ని సినిమాలకీ ముగింపులు రాశారు. కొన్ని చూసి ఆవిడ ఏడ్చారు, కొన్ని చూసి "దీనికా నన్ను లేవదీసుకొచ్చారు!" అని తిట్టారు. రోజుల తరబడి ఆయనతో మాట్లాడకుండా ఉన్నదీ ఉంది. సర్దుకున్నారని చెప్పలేను. మళ్ళీ మొదటి నుంచీ కాపురం మొదలెట్టినట్టు పోట్లాడుకున్నారు. ఆయన మాత్రం ఆఖరిదాకా కూర్చోలేదు. సినిమా అయ్యేదాకా ఉండేవారు, కానీ నిలబడే.

ఆయన పోయిన ఆ రోజు దెందులూరులో బండి ఎప్పటికో వచ్చింది. నేను వెళ్ళేసరికి ఇల్లు నిండిపోయింది.

పెద్దకర్మ రోజున పిన్నిగారు నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నారు. చుట్టూ ఆడవాళ్ళు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఆవిడ ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూపు తిప్పుతున్నారు. ఏ పెదాలూ అందడం లేదు. బాబాయిగారి వదినగారు, అంటే పిన్నిగారి తోడికోడలు, పక్కావిడతో మామూలు గొంతుతోనే అంటోంది. వినే మనిషి కాదు కదా అని ధైర్యం. "ఆయన చేతులే దీనికి చెవులు. ఇంక దీని బతుకు మూగబొమ్మ బతుకే. తమ్ముడింట్లో ఓ మూల పడి ఉండాలి, ఇంత ముద్ద పెడితే తినాలి."

పిన్నిగారు నా చీర కొంగు లాగారు. "ఆవిడ నన్ను చూస్తూ ఏదో అంది. ఏమంది?"

మీ గురించి బాధపడుతున్నారు అని రాయొచ్చు. అబద్ధం కూడా కాదు. అలా మొదలుపెట్టాను కూడా. పిన్నిగారు ఫోన్ వైపు చూడడం లేదు, నా మొహం చూస్తున్నారు. రాసింది తుడిపేసి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసి ఇచ్చాను. మూగబొమ్మ. మూల. ముద్ద.

ఆవిడ పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివారు. రెండోసారి చదివారు. తలెత్తారు.

"మూల నాకెందుకక్కా?" అన్నారు. పందిట్లో పంతులుగారి మంత్రం ఆగిపోయింది. "ఇల్లంతా నాదేగా!"

తోడికోడలు పెదాలు ఆడాయి, ఏవో రెండు మాటలన్నట్టుంది. పిన్నిగారు ఫోన్ నా చేతిలో పెట్టారు.

"ఏమందే? రాయి."